ఆట దానమా, పూర్తమా?

ధనం చాలని ఇళ్ళ పిల్లలకు ఆడుకొనే చోటును, ఆట సామగ్రిని, నేర్పే గురువును సమకూర్చే పని ఈనాడు అనేక దేశాల్లో లాభాపేక్ష లేని సంస్థల చేతుల మీదుగా జరుగుతున్నది. ఆ పని మంచిదా కాదా అన్నది చర్చకు రాదు. అది ఏ కోవకు చెందిన మంచి పని అన్నదే తేల్చవలసిన విషయం: కలిగినవాడు లేనివాడికి ఇచ్చే దానమా, లేక ఊరి ఉమ్మడి సొత్తుగా ఉండవలసిన దాన్ని ఊరికి విడిచిపెట్టడమా? భారతీయ ధర్మశాస్త్రం ఈ రెంటినీ వేర్వేరుగా గుర్తించింది. చెరువులు తవ్వించడం, బావులు కట్టించడం, తోటలు వేయించడం, సత్రాలు నిలపడం వంటి సర్వజనోపయోగమైన పనులకు అది పూర్తమని పేరు పెట్టింది. యజ్ఞాది వైదిక కర్మలు ఇష్టం, ఈ పనులు పూర్తం, రెండూ కలిసి ఇష్టాపూర్తాలు. ఈ భేదం పండితుల సూక్ష్మచర్చగా కనిపించవచ్చు గాని, పదేళ్ళ పిల్ల మైదానంలోకి తలెత్తుకొని నడుస్తుందా, ఎవరి దయనో మోసుకుంటూ నడుస్తుందా అన్నది దీనిమీదే ఆధారపడి ఉన్నది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి కెనడాలోని గ్వెల్ఫ్ నగరం అనువైన చోటు, ఎందుకంటే దానమూ పూర్తమూ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆంటారియో ప్రావిన్సులో, టొరంటోకు పడమరగా, స్పీడ్, ఎరమోసా నదులు కలిసే చోట ఉన్న ఈ నగరాన్ని స్కాట్లాండుకు చెందిన నవలా రచయిత జాన్ గాల్ట్ 1827 ఏప్రిల్ 23న కెనడా కంపెనీ అనే భూవిక్రయ సంస్థ పక్షాన స్థాపించాడు. 2021 జనగణన ప్రకారం అక్కడి జనాభా 1,43,740. విశ్వవిద్యాలయమూ కర్మాగారాలూ ఉన్న ఊరు కావడంతో దేశదేశాల కుటుంబాలు వచ్చి స్థిరపడుతున్నాయి. కెనడా పార్లమెంటు 1994లో చట్టం చేసి హాకీని, అంటే మంచుమీద ఆడే హాకీని, శీతాకాలపు జాతీయ క్రీడగా ప్రకటించింది. ఆ క్రీడ ఆడాలంటే స్కేట్లు, హెల్మెట్, భుజాలకూ మోకాళ్ళకూ ప్యాడ్లు, కర్ర, రింకు అద్దెలో వాటా, లీగు రుసుము, పొరుగూళ్ళ పోటీలకు కారు ప్రయాణం అన్నీ కావాలి. పెరిగే పాదానికి ఏడాది తిరిగేసరికి స్కేట్లు బిగుతవుతాయి. రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తూ, కారు లేక బస్సుల మీదే తిరిగే తల్లి ఈ ఖర్చులన్నీ పెట్టుకోలేదు. అట్లాంటి ఇంటి పిల్లకు జాతీయ క్రీడ టీవీలో చూసేదిగానే మిగిలిపోతుంది.

ఈ లోటు పూడ్చడానికి పూనుకొన్న సంస్థలు కొన్ని ఉన్నాయి. 1993లో బ్రిటిష్ కొలంబియాలో మొదలైన కిడ్‌స్పోర్ట్, 2005లో కెనడియన్ టైర్ వ్యాపార సంస్థ నెలకొల్పిన జంప్‌స్టార్ట్ కెనడాలో పలుచోట్ల పనిచేస్తున్నాయి. గ్వెల్ఫ్, వెల్లింగ్టన్ ప్రాంతాల పిల్లల కోసమే ఒక స్థానిక ఫౌండేషన్ ఉన్నది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు నగరపాలక సంస్థ కూడా ఆటల రుసుములో రాయితీ ఇస్తున్నది. కుటుంబం దరఖాస్తు పెట్టుకొంటుంది, తన ఆదాయం చాలదని చూపుతుంది, మంజూరైన సొమ్ము సాధారణంగా నేరుగా క్రీడా క్లబ్బుకు చేరుతుంది. ఈ చివరి ఏర్పాటులో గమనించదగిన సౌజన్యం ఉన్నది: క్లబ్బు జాబితాలో ఆ పిల్ల పేరు మిగిలినవారి పేర్ల మధ్యనే ఉంటుంది, ఎవరి రుసుము ఎక్కడినుంచి వచ్చిందో తోటి ఆటగాళ్ళకు తెలియవలసిన పని ఉండదు. అయినా, ఆ జాబితాలోకి చేరేముందు ఒక గడప దాటవలసి ఉన్నది. ధర్మశాస్త్రం పాత్రత అన్నది ఆ గడపనే.

దానానికి దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, దేయం, దేశం, కాలం అని ఆరు అంగాలున్నట్లు స్మృతికారుడైన దేవలుని పేర ధర్మశాస్త్ర సంకలనాలైన నిబంధన గ్రంథాలు చెబుతాయి. ప్రతిగ్రహీత అంటే పుచ్చుకొనేవాడు, దేయం అంటే ఇవ్వదగిన వస్తువు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం తిరిగి ఉపకారం చేయలేనివాడికి, ఇవ్వడం తన విధి అనే భావంతో, తగిన చోట, తగిన వేళ, తగినవాడికి ఇచ్చేది సాత్త్విక దానమనీ, ఫలం కోరి ఇచ్చేది రాజసమనీ, అవమానిస్తూ ఇచ్చేది తామసమనీ విభజించింది. ఈ వ్యవస్థలో దాత మనసు ఎంత శుద్ధమైనా, ఎదుటివాడు తగినవాడా కాదా అన్న పరీక్ష తప్పదు. ప్రాచీనులు విద్యను, నడతను చూసి పాత్రతను నిర్ణయించారు. నేటి సంస్థలు పేదరికపు రుజువును చూసి నిర్ణయిస్తున్నాయి. కొలబద్ద మారింది గాని, పుచ్చుకొనేవాడు తన్ను తాను నిరూపించుకోవాలన్న నియమం మారలేదు. పుచ్చుకోవడంలో ఉన్న నష్టాన్ని కూడా స్మృతికారులు దాచలేదు: ప్రతిగ్రహానికి అర్హత ఉన్న బ్రాహ్మణుడు సైతం దానికి అలవాటుపడకూడదని, దానివల్ల అతని తేజస్సు తరిగిపోతుందని మనుస్మృతి హెచ్చరించింది. వేదం చదివిన పెద్దవాడి విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, తల్లి పక్కన కౌంటరు ముందు నిలబడి తన ఇంటి ఆదాయం పైకి చదవబడుతుంటే వినే పిల్ల విషయంలో ఆ జాగ్రత్త ఎన్నో రెట్లు అవసరం.

పూర్తం ఈ చిక్కును మొదట్లోనే తప్పించింది. చెరువు కట్టించినవాడు దాన్ని ఎవరికో ఒకరికి ఇవ్వడు. సర్వభూతాల కోసం దాని మీద తన స్వామ్యాన్ని విడిచిపెడతాడు. ఈ విడుపుకే ఉత్సర్గమని పేరు. దానంలో ఒకరి స్వామ్యం పోయి మరొకరి స్వామ్యం ఏర్పడాలి, అందుకు ప్రతిగ్రహీత అంగీకారం కావాలి. ఉత్సర్గంలో పుచ్చుకొనేవాడే లేడు, కనుక పాత్రతా పరీక్షా లేదు. ఇందులో మరొక విశేషం ఉన్నది, ఈ చర్చకు అదే ప్రాణం: దానమిచ్చిన వస్తువును దాత మళ్ళీ వాడుకోరాదు, కాని ఉత్సర్గం చేసిన చెరువులో దాత కూడా అందరిలో ఒకడుగా నీళ్ళు తాగవచ్చు. ఇచ్చినవాడూ వాడుకొనేవాడూ ఒకే గట్టున నిలబడతారు. పూర్తం చేసే అధికారం యజ్ఞాధికారం లేదన్న శూద్రులకు కూడా ఉన్నదని ధర్మశాస్త్రకారులు ఒప్పుకొన్నారు.

గ్వెల్ఫ్‌లో శీతాకాలపు రాత్రుల్లో కొన్ని పార్కుల్లో జరిగే పని అక్షరాలా ఇదే. ఇరుగుపొరుగువారు స్వచ్ఛందంగా జట్టుకట్టి, చలి బాగా ముదిరాక మంచును చదునుగా తొక్కి, దాని మీద గొట్టంతో పలుచగా నీళ్ళు చల్లుతారు. ఒక పొర గడ్డకట్టిన తర్వాతే మరొక పొర వేయాలి. తొందరపడి ఒక్కసారే నీళ్ళు పోస్తే పైన పెంకు కట్టి కింద బోలుగా ఉండిపోతుంది, దాని మీద స్కేటు పెడితే విరుగుతుంది. హిమపాతం తర్వాత పారలతో ఊడ్చాలి, పగుళ్ళు పూడ్చాలి, ఎండ తగిలి కరిగితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఇట్లా తయారైన రింకుకు టికెట్టు లేదు. నీళ్ళు పట్టినవాడి కొడుకూ, నిన్ననే ఆ వీధిలోకి అద్దెకు దిగిన కుటుంబపు కూతురూ ఒకే మంచు మీద జారుతారు. ఈ నగరపు తాగునీరు దాదాపు అంతా భూగర్భ జలమే కాబట్టి, రింకు మీద పరుచుకొన్నది కూడా బావినీరే. నగర సభా భవనం ఎదుట మార్కెట్ స్క్వేర్‌లో కూడా శీతాకాలంలో రుసుము లేని రింకు ఉంటుంది. ప్రజాధనంతో నడిచేది గనుక దాన్ని రాజపూర్తమనవచ్చు, పార్కు రింకు ప్రజాపూర్తం. రెంటిలో రెండవదానికే ఎక్కువ గౌరవం దక్కాలి, ఎందుకంటే నిద్ర మానుకొని చేతులు కొంకర్లుపోతుంటే చేసిన పనికి సమానమైనది పన్ను రసీదులో దొరకదు.

పూర్తానికి సద్బుద్ధి ఒక్కటే చాలదని తెలుగునాట ఒక శాసనం చాలా కాలం కిందటే చెప్పింది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ళలో, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ లెక్కపెట్టింది. కట్టనుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం ఆ దోషాల్లో కొన్ని. యువక్రీడా సంస్థలకు ఈ పట్టిక నేటికీ పనికివస్తుంది. పెద్ద ఊరికి ఒకే ఒక శిక్షకుణ్ణి పంపి కార్యక్రమం నడుస్తున్నదని చెప్పుకోవడం, నీరు తక్కువై భూమి ఎక్కువైన దోషం. మైదానాన్ని నగరపాలక సంస్థా పాఠశాల బోర్డూ ఎవరికి వారు తమది కాదన్నట్లు వదిలేయడం పొలిమేర దోషం. దాతలు కొత్త భవనానికి ఇచ్చినంత సంతోషంగా పాత పైకప్పు మరమ్మతుకు ఇవ్వకపోవడం, కట్ట ఊరుతుంటే చూస్తూ ఊరుకోవడమే.

అయితే పూర్తాన్ని పొగడేముందు దాని చరిత్రలోని పాపాన్ని కూడా చెప్పుకోవాలి. సర్వభూతాలకూ విడిచిన చెరువుల్లో మనుషుల్లోనే కొందరికి నీళ్ళు దక్కలేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ తన అనుచరులతో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగవలసి వచ్చిందంటే, అంతవరకు ఆ ఉత్సర్గవాక్యం అబద్ధమన్న మాట. ఆటల్లోనూ అదే జరిగింది. దళిత కుటుంబంలో పుట్టి, పూనాలో ఇంగ్లీషువారి క్లబ్బు మైదానంలో పనివాడుగా ఉంటూ బౌలింగు నేర్చి, 1911లో ఇంగ్లండు పర్యటనకు వెళ్ళిన భారత జట్టులో మేటిగా నిలిచిన పల్వంకర్ బాలూకు, పూనా హిందువుల పక్షాన ఆడే రోజుల్లో విరామవేళ టీ మాత్రం పెవిలియన్ బయట, వేరే పాత్రలో ఇచ్చేవారు. బంతి వేయడానికి పనికివచ్చిన చెయ్యి కప్పు అందుకోవడానికి పనికిరాలేదు. తలుపు తెరిచినంత మాత్రాన లోపలికి రానిచ్చినట్లు కాదు. గ్వెల్ఫ్ నేల కూడా ఈ రకమైన జ్ఞాపకం లేనిది కాదు. 1792 నాటి ఒడంబడికతో మిస్సిసాగా ప్రజల నుంచి బ్రిటిష్ వారి చేతికి వెళ్ళిన భూభాగంలోనే ఆ ఊరు వెలిసింది, ఆదివాసుల పిల్లలను ఇళ్ళనుంచి వేరుచేసిన ఆశ్రమ పాఠశాలల దుర్మార్గాన్ని విచారించిన సత్య, సమాధాన సంఘం 2015లో చేసిన 94 సిఫారసుల్లో 87 నుంచి 91 వరకు క్రీడల గురించినవే.

ఆ పాఠశాలల్లో కొన్నిచోట్ల ఆటలు కూడా ఉండేవి, అయితే ఆదివాసీ పిల్లలను క్రమశిక్షణలో పెట్టి వారి సంస్కృతి మాన్పించే సాధనంగా. ఈ విషయం నేటి సంస్థల ఒక అలవాటును సూటిగా తాకుతుంది. విరాళం అడిగేటప్పుడు అవి ఆట వల్ల కలిగే లాభాలు చెబుతాయి: ఆడే పిల్లలకు ఆరోగ్యం బాగుంటుంది, చదువు మెరుగవుతుంది, వీధి తగాదాల్లో చిక్కుకోరు. ఇవి అసత్యాలు కావు. కాని ఆటకు విలువ దాని ప్రయోజనం నుంచే వస్తుందని ఒప్పుకొంటే, ప్రయోజనం రుజువు కాని పిల్లకు ఆట ఎందుకివ్వాలన్న ప్రశ్నకు జవాబుండదు. ఆడినా మార్కులు పెరగని పిల్లవాడు ఎవరి సొమ్మునో వృథా చేసినవాడవుతాడు. కలిగిన ఇంటి పిల్లవాడు ఊరికే ఆడుకోవచ్చు, లేని ఇంటి పిల్లవాడు మాత్రం బాగుపడడానికే ఆడాలి. ఈ తేడాలో అన్యాయం ఉన్నది, సదుద్దేశం చాటున ఉండడం వల్ల అది ఎవరి కంటా పడడం లేదు.

ప్రయోజనం లేని ఆట గురించి వేదాంతం చేసిన ఆలోచన ఇక్కడ తోడ్పడుతుంది. ఏ కొరతా లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించినట్లు అన్న ఆక్షేపానికి, అది కేవలం లీల అని బ్రహ్మసూత్రాలు రెండవ అధ్యాయంలో సమాధానం చెప్పాయి. దానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు లోకం నుంచి రెండు ఉదాహరణలు తీసుకొన్నారు. మొదటిది, కోరికలన్నీ తీరిన రాజో మంత్రో ఏ ఫలాన్నీ ఆశించక క్రీడావిహారాల్లో తిరగడం. రెండవది, బయటి ప్రయోజనమేదీ తలపోయకుండానే స్వభావసిద్ధంగా సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. ఆచార్యులు ఈ రెంటినీ ఒకే విషయానికి దృష్టాంతాలుగా చెప్పినా, పిల్లల ఆట విషయంలో ఇవి రెండు వేర్వేరు దారుల్లో నడిపిస్తాయి. ఆట రాజు విహారం వంటిదైతే, అది అన్నీ అమరినవాడి సొత్తు. అన్నం, అద్దె, మందులు సమకూరిన తర్వాత మిగిలితే దక్కే విలాసం. పేదవాడికి దాన్ని ఇవ్వడం తప్పక దయే అవుతుంది. ఆట శ్వాస వంటిదైతే, అది కలిమికీ లేమికీ సంబంధించినది కాదు. దాన్ని ఎవరూ ఎవరికీ ఇవ్వరు, అడ్డం ఉంటే తొలగిస్తారు అంతే. శరణార్థి శిబిరాల్లో కూడా గుడ్డపీలికలు చుట్టి బంతి చేసుకొనే పిల్లలను చూసినవారెవరూ మొదటి దృష్టాంతం చాలునని అనలేరు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో విశ్రాంతినీ ఆటనూ హక్కుగా రాయడం, కెనడా 1991లో, భారతదేశం 1992లో దానికి కట్టుబడడం ఈ రెండవ దృష్టిని చట్టభాషలో అంగీకరించడమే.

ఆట లోపల మనుషుల హెచ్చుతగ్గులు ఏమవుతాయో భాగవత దశమస్కంధం చక్కగా చూపించింది. గోపబాలకులు రెండు జట్లుగా విడిపోయి, ఓడినవారు గెలిచినవారిని వీపున మోయాలని పందెం వేసుకొంటారు; కృష్ణుడి జట్టు ఓడుతుంది; భగవంతుడే శ్రీదాముణ్ణి వీపు మీద ఎక్కించుకొని నడుస్తాడు. అక్కడ శ్రీదాముడికి కృష్ణుడు దయతో గెలుపు ఇవ్వలేదు, ఆట నియమం ఇచ్చింది. అందరికీ ఒకే నియమం వర్తించడంలో ఉన్న గౌరవం ఎంత ఉదారమైన దానంలోనూ లేదు. రాయితీ మీద చేరిన పిల్లకు రింకు మీద దొరకవలసింది ఇదే: గోలు కొడితే గోలే, తప్పు చేస్తే పెనాల్టీయే. ఆమె ఫోటో విరాళాల కరపత్రం మీదికి ఎక్కిన రోజున ఆ సమత్వం కాస్తా పోతుంది, కాబట్టి సహాయం పొందే పిల్లల ముఖాలను ప్రచారానికి వాడే పద్ధతిని, తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే, మానుకోవడమే ధర్మం.

ఈ ఆలోచన ఒక్క మతానికి చెందినది కాదు. పన్నెండవ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ దానంలో ఎనిమిది మెట్లు చెప్పి, ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఒకరినొకరు ఎరుగని దానాన్ని పై మెట్లలో నిలిపాడు. అన్నింటికన్నా పైన, ఎదుటివాడు మళ్ళీ చెయ్యి చాచనవసరం లేకుండా నిలదొక్కుకొనేటట్లు చేయడాన్ని ఉంచాడు. ఆంటారియోలోనే పుట్టి, మాంట్రియల్‌లో క్రైస్తవ వేదాంతం చదివిన జేమ్స్ నైస్మిత్, చర్చి వేదిక ఎక్కకుండా అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలకు వెళ్ళి, 1891 డిసెంబరులో రెండు పండ్ల బుట్టలు వ్యాయామశాల బాల్కనీకి బిగించి బాస్కెట్‌బాల్‌ను రూపొందించాడు. ఖరీదైన సామగ్రి లేకుండా గదిలో ఆడగలిగిన ఆటను కనిపెట్టడం కూడా పూర్తమే. గ్వెల్ఫ్‌లో హాకీ అందని ఎందరో పిల్లలకు ఈనాటికీ బాస్కెట్‌బాల్ అందుతున్నది. ఇక తెలుగునేల మీద, జెసూట్ సభ సభ్యుడిగా భారతదేశానికి వచ్చి, తర్వాత ఆ సభను విడిచిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, కరువు నేలలో నీటి కట్టడాలతో పాటు క్రీడా గ్రామాన్ని కూడా నిర్మించింది; 2010 నుంచి అక్కడ రఫేల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో టెన్నిస్ పాఠశాల నడుస్తున్నది. చెరువునూ మైదానాన్నీ ఒకే సంస్థ ఒకే జిల్లాలో చేపట్టడం, పూర్తం పరిధిలోకి ఆట ఎంత సహజంగా చేరుతుందో చూపిస్తుంది.

పూర్తం ఎంత విస్తరించినా, రింకు మీద అడుగుపెట్టడానికి పిల్లకు స్కేట్లు కావాలి, అవి ఆమె పాదానికే సరిపోవాలి. అక్కడ ఉత్సర్గం ఆగి దానం మొదలవక తప్పదని అనిపిస్తుంది. ఈ అభిప్రాయాన్ని తేలిగ్గా ఒప్పుకోనక్కరలేదు. గ్వెల్ఫ్‌లో పనిముట్లు అరువిచ్చే లైబ్రరీ ఇప్పటికే ఉన్నది; డ్రిల్లింగు యంత్రం కొనుక్కోగలిగినవాడు కూడా అక్కడ అరువు తీసుకొంటాడు, కనుక అరువు తీసుకోవడం పేదరికానికి గుర్తుగా కనబడదు. స్కేట్లకు, హెల్మెట్లకు ఇదే పద్ధతి ఇంకా సులువుగా సరిపోతుంది, ఎందుకంటే పిల్లల పాదాలు అన్ని ఇళ్ళలోనూ ఒకే వేగంతో పెరుగుతాయి, ఏ ఇంట్లోనైనా ఏడాది తర్వాత ఆ జత పనికిరాకుండా పోతుంది. కలిగినవారి పిల్లలు కూడా అక్కడినుంచే తీసుకొనేటట్లయితేనే అది పూర్తం. లేనివారికి మాత్రమే తెరిచిన గది అయితే మళ్ళీ కౌంటరే.

సామగ్రి కన్నా కష్టమైనది నిర్ణయంలో వాటా. 1991లో ఆంటారియో ప్రభుత్వం ఆదాయం తక్కువ ఉన్న ఎనిమిది సముదాయాల్లో పిల్లల కోసం మొదలుపెట్టిన దీర్ఘకాల పథకానికి గ్వెల్ఫ్‌లోని ఆన్‌వర్డ్ విల్లో పేట ఒక కేంద్రం. ఏ కార్యక్రమం కావాలో తేల్చడంలో అక్కడి తల్లిదండ్రులకు చోటివ్వడం ఆ పథకపు మూలసూత్రాల్లో ఒకటి. నేడు నగరంలో పేటపేటకూ ఉన్న బృందాలు, వాటిని కలిపే కూటమి ఈ రకమైన ఆలోచనతోనే పనిచేస్తున్నాయి. చెరువు గట్టున అందరూ సమానులే అయినా, తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరు చెబుతారన్నది వేరే ప్రశ్న. రాత్రి షిఫ్టు తల్లి సాయంత్రం ఏడింటి సమావేశానికి రాలేదు. శిక్షణ వేళలు, బస్సు ఆగే చోటు, అమ్మాయిలకు విడిగా రింకు సమయం ఉండాలా వద్దా అన్నవన్నీ ఆ ఏడింటికే, ఆమె లేకుండానే తేలిపోతుంటాయి. ఆమె రాగలిగిన వేళకు సమావేశాన్ని మార్చి, ఆ గంటసేపు ఆమె చిన్న బిడ్డను చూసుకొనే మనిషిని ఏర్పాటు చేయడానికి అయ్యే ఖర్చు ఒక్క జత కొత్త స్కేట్ల ధర కన్నా తక్కువే. సంస్థల వార్షిక బడ్జెట్లలో ఆ పద్దుకు చోటు కల్పించవలసి ఉన్నది.